ఐదో రాయి, ఏడో రాయి

మెట్టుగూడ దాటి రైల్వే క్వార్టర్ల వెనక్కి దిగితే సున్నంబట్టీ బస్తీ వస్తుంది. బస్తీకీ రోడ్డుకీ నడుమ ఒక నాలా. నాలా మీద మూడు కమానుల రాతి వంతెన. దాన్ని వంతెన అని పిలిచే మర్యాదస్తులు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. అందరికీ అది బట్టీ పుల్. వయసు వందేళ్ళంటారు. పుట్టినరోజు ఎవరికీ తెలియదు కాబట్టి ఏటా అదే వందేళ్ళు.

ఈ పుల్‌కు తుకారాం ఇంజనీరు కాడు, కాపలాదారు కాడు, కాంట్రాక్టరు అసలే కాడు. అయినా పుల్ రెండో కాలు మీద ఆయన సంతకం లాంటిది ఒకటుంది. చేతి మందాన ఎర్రగీత, దాని పక్కన తెల్లటి అక్షరాలతో ‘హెచ్.ఎఫ్.ఎల్. 2000’. అంటే రెండువేల సంవత్సరం ఆగస్టులో నాలా పొంగినప్పుడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని అర్థం. నగరంలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని ఎవరిని అడిగినా గాలిలో చెయ్యెత్తి చూపిస్తారు. ఒకడి చెయ్యి ఇంకొకడి చెయ్యితో కలవదు. సున్నంబట్టీలో మాత్రం ఆ తగాదా లేదు. పోయి గీత చూసుకుంటారు.

తుకారాం ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో పెయింటరు. స్టేషన్ల పేర్లు మూడు భాషల్లో రాశాడు. హిందీ అక్షరాలు ముత్యాల్లా రాసేవాడు. నోరు తెరిస్తే మాత్రం అది ఉర్దూ అయ్యేది. కిటికీలోంచి తన బోర్డు చూసి జనం సామాన్లు సర్దుకొని దిగుతున్నారంటే అది చిన్న నమ్మకం కాదని ఆయన లెక్క. “బోర్డు తప్పు రాస్తే ఊరికేం కాదు. దిగెటోడు ఆగమైతడు” అనేవాడు. రైలు వంతెనల కాళ్ళ మీద వరద గీతలు గీయడం కూడా ఆయన పనే. ఆ గీత ఒక అంగుళం పైకి జరిగితే సంజాయిషీ, కిందికి జరిగితే ఛార్జిషీటు. సర్వీసు మొత్తంలో ఆయనకు రెండూ రాలేదు. పదవీ విరమణ సభలో పై అధికారి ఒకాయన ఈ సంగతి చెప్పి, దండ వేసి, పేరు మాత్రం జ్ఞానేశ్వర్ అని పలికాడు.

రెండువేలలో వరద తీసిన మర్నాడు పొద్దున, బస్తీ అంతా బురద ఎత్తిపోసుకుంటుంటే, తుకారాం మట్టం చూసే లెవెల్ పైపు, బ్రష్షు, రెడ్ ఆక్సైడ్ రంగు డబ్బా పట్టుకొని నాలాలోకి దిగాడు. రాయి మీద తడి ఇంకా ఆరలేదు. పైనుంచి లెక్కపెడితే సరిగ్గా ఐదో రాయి. అక్కడ గీత గీసి సంవత్సరం వేశాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రైల్వే వంతెనకు ఉన్న మర్యాద తమ బస్తీ పుల్‌కు ఎందుకుండకూడదన్నది ఆయన వాదన.

“ఏం తుకారాం, నీళ్ళకు హాజరు వేస్తున్నవా?” అని నవ్వారు జనం.

ఇంతవరకూ అంతా నిజమే. కానీ గీత ఇప్పుడున్నది ఐదో రాయి మీద కాదు, ఏడో రాయి మీద.

పదమూడేళ్ళ కిందట నాలా పక్క ఇళ్ళ సర్వే వస్తోందని పుకారు పుట్టింది. వరద గీతకు దిగువనున్న ఇళ్ళన్నీ లిస్టులో పడతాయట, లిస్టులో పడ్డవి ఎప్పుడో ఒకప్పుడు పోతాయట. అప్పుడు హరికిషన్ వచ్చాడు. మోండా మార్కెట్లో ఉల్లిగడ్డల హోల్‌సేలు ఆయనది. బస్తీ కమిటీకి అధ్యక్షుడు. ఆ పదవికి ఎన్నిక ఎప్పుడు జరిగిందో చెప్పగలిగినవారు లేరు.

“తుకారామన్నా, నీ లైను జెర కిందికి గుంజరాదే.”

“నీళ్ళు వచ్చిన కాడ లైను ఉంటది. నేను గుంజేదేంది?”

“నీళ్ళు పోయినయ్ గదనే. ఇగ లైనుతోనే తక్లీఫ్.”

తుకారాం రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. చాయ్ ఇస్తే తాగారు. ఇంకో చాయ్ ఇస్తే అదీ తాగారు. అంత మౌనం, అన్ని చాయ్‌లు కలిసి ఆయన్ను నాలాలోకి దించాయి. పాత గీతను గీకేసి, సున్నం కొట్టి, రెండు రాళ్ళు కిందికి, అంటే రెండున్నర అడుగులు కిందికి కొత్త గీత గీశాడు. సర్వేవాళ్ళు వచ్చారు, చూశారు, రాసుకున్నారు, పోయారు. తొమ్మిది ఇళ్ళూ నిలిచాయి. ఆ ఆదివారం బస్తీలో బిర్యానీ దేగిశా దించారు. మొదటి ప్లేటు తుకారాందే.

అబద్ధం ఆడినవాడు దాన్ని మరిచిపోవచ్చు. గోడ మీద రాసినవాడికి ఆ సౌకర్యం లేదు. ఎండకు వెలిసిపోతే మళ్ళీ వేయాలి. వేయకపోతే బస్తీవాళ్ళే అడుగుతారు. అందుకని ఏటా మిరుగానికి, అంటే జూన్‌లో వానలు తెచ్చే మృగశిర కార్తెకు, తుకారాం నాలాలోకి దిగి, తాడుకు గుండు వేలాడదీసి, లెవెల్ పైపు పట్టి, ఆ తప్పుడు గీతను అంగుళం కూడా పక్కకు పోనివ్వకుండా శ్రద్ధగా దిద్ది వచ్చేవాడు.

“అబద్ధానికి ఏటా కొత్త బట్టలు పెట్టెటోన్ని నిన్నే చూసిన” అనేది భార్య సుమిత్ర. ఆమె అన్నది ఆ ఒక్క మాటే గానీ, పదమూడుసార్లు అంది.

పుల్ తీసేసి కొత్తది కడతారన్న వార్త పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది. రాళ్ళ మధ్య మర్రిమొలకలు లేచాయి, ఒక కమాను నెర్రె విచ్చింది, లారీలు పోతే పుల్ మూలిగేది. ఈ ఏడు జనవరిలో నిజంగానే జేసీబీ వచ్చింది. సగం పుల్ పగలగొట్టి కట్టడం, గీత ఉన్న మిగతా సగం మీద బండ్లు నడపడం, ఆ తరవాత రెండో సగం పట్టడం అని పథకం. మే కల్లా అయిపోవాలి. జూన్ వచ్చేసరికి సగంలో సగం అయింది. ఇందులో వింతేమీ లేదు. వింత అల్లా ఇంకోటి. పుల్ మొదలు తవ్వుతుంటే, దానికి అతుక్కొని బస్తీని కాస్తున్న పాత కట్టగోడ నలభై అడుగులు కూలిపోయింది. కొత్త గోడ పుల్‌తోపాటే లేస్తుంది. అంతవరకు, అంటే ఈ వానాకాలమంతా, బస్తీకి అడ్డు ఇసుక బస్తాల గోడ.

తవ్వకం ఎక్కడ జరిగినా చేతులు వెనక్కి కట్టుకొని పక్కన నిలబడటం రిటైరైన మగవాడికి రాజ్యాంగం ఇవ్వకపోయినా దేవుడిచ్చిన హక్కు. తుకారాం రోజూ తొమ్మిదింటికి డ్యూటీకి వచ్చినట్టే వచ్చి నిలబడేవాడు. అక్కడే ఆయనకు ఇంజనీరు ఝాన్సీలక్ష్మి పరిచయమైంది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. నెత్తిన పసుపు హెల్మెట్, చేతిలో ఎప్పుడూ ఒక టేపు.

“ఆ గీత రాసింది మీరేనటగా తుకారాం గారూ?” అందామె ఒక పొద్దున. “ఈ నాలాకి పాత రికార్డు ఒక్క కాగితం దొరకలేదండీ. ఉన్న ఒక్క ఫైలూ చెదలు తినేశాయి. మీ గీతే మాకు దిక్కు.”

“అట్లంటరా మేడం...”

“అక్షరాలు చూడగానే తెలిసిపోయిందండీ, పని తెలిసినవాళ్ళు రాశారని. బస్తాల గోడ ఈ గీత మీద అడుగున్నర ఎత్తు పెట్టిస్తున్నా. సరిపోతుంది కదండీ?”

తుకారాం తల ఊపాడు. అది అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో ఆయనకే తెలియలేదు. ఆమె మాత్రం నిలువుగానే తీసుకుంది.

రాత బాగుంటే మాట నిజమని నమ్మడం చదువుకున్నవాళ్ళ బలహీనత. ఆ బలహీనత మీదనే తుకారాం ముప్పై నాలుగేళ్ళు బతికాడు. ఇంటికి పోతూ లెక్క వేసుకున్నాడు. కిందికి దించింది రెండున్నర అడుగులు. ఆమె కలిపింది అడుగున్నర. నిజంగా ఆ నీళ్ళే మళ్ళీ వస్తే గోడ మీద నుంచి అడుగు ఎత్తున, నలభై అడుగుల వెడల్పున దిగుతాయి. పైగా పనికోసం ఒక కమాను మట్టితో మూసి ఉంది. అసలు గీత దగ్గరైనా నీళ్ళు ఆగుతాయన్న నమ్మకం లేదు.

దారిలో ఎలీసబెతు ఇల్లు. పుల్‌కు ఆనుకొని, బస్తీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇల్లు అదే. డెబ్భై అయిదేళ్ళ మనిషి. రైల్వే క్వార్టర్లలో పిల్లల్ని సాకి పెద్దచేసిన ఆయా. గడపలో కూర్చొని చాటలో చింతపండు గింజ తీస్తోంది.

“అక్కా, రెండువేలల నీళ్ళు నీ ఇంట్ల యాడిదాకొచ్చినయ్?” అన్నాడు తుకారాం, ఊరికే అడిగినట్టు.

“నడుము దాకా. ఇగో, ఈ కిటికీ కిందికి.”

“నడుము దాకనా? మెడ దాకొస్తె మంచం మీద బల్లేసి, బల్ల మీద నిలబడ్డవు గదక్కా. నీ రెక్క వట్టి బయటికి గుంజింది నేనే.”

“గుంజినవు, కాదన్ననా? నాకు భయమై ఎక్కిన. నీళ్ళయితె నడుము దాకనే.” ఆమె చేతిలోని చింతపండుతోనే పుల్ వైపు చూపించింది. “లైను చూడరాదు. లైను నా కిటికీ కిందికి వడ్తది. నువ్వే రాస్తివి, నువ్వే మర్చినవా తమ్మీ?”

తుకారాం అరుగు మీద చాయ్ తాగినవాళ్ళలో ఆమె కూడా ఉంది, ఆ సంగతీ మరిచింది. గీతను కిందికి దించినప్పుడు ఆయన మోసం చేయాలనుకున్నది సర్వేవాళ్ళను మాత్రమే. మెడలోతు నీళ్ళలో నిలబడిన మనిషి జ్ఞాపకాన్ని కూడా రెండున్నర అడుగులు కిందికి లాగానని ఆ రోజు దాకా తెలియదు. బస్తీలో పిల్లలకైతే అసలు సంగతే తెలియదు, పెద్దలు గీతను చూసి గుర్తుచేసుకుంటున్నారు. గీత దిగిందని తెలిసినవాళ్ళున్నా, సరిగ్గా ఐదో రాయని ఎరిగినవాడు ఇక తనొక్కడే. అరవై ఏడేళ్ళవాడు, షుగరూ బీపీ ఉన్నవాడు. ఇది ఏ ప్రభుత్వమూ ఆధారపడదగిన రికార్డు కాదు.

సాయంత్రం హరికిషన్ దగ్గరికి పోయి, గీత సంగతి మేడంకు చెప్పేస్తానన్నాడు.

“అన్నా, నీకేమన్న పాగల్ లేసిందా? ఇరవై ఏండ్లకొక్కసారి వచ్చిన వాన అది” అన్నాడు హరికిషన్.

“వాన వస్తదో రాదో నాకేం ఎరుక? వస్తె యాడిదాకొస్తదో ఎరుక.”

“లైను పైకి పోతె తొమ్మిదిండ్లు లిస్టుల వడ్తయ్. ఫస్టు ఎలీసబెతక్కదే. ఆ ముసల్దాన్ని రోడ్డు మీద వెడ్తవా?”

తుకారాం దగ్గర ఉన్న రెండు జవాబులూ ఆమె ఇంటినే ముంచుతున్నాయి, ఒకటి కాగితంలో, ఒకటి నీళ్ళలో.

“ఒక పని చెయ్యి” అన్నాడు హరికిషన్ గొంతు తగ్గించి. “లైను సంగతి ఎత్తకు. సేఫ్టీకి ఇంకిన్ని బస్తాలు వెయ్యుమని మేడంకు చెప్పు. ఆంధ్ర పిల్ల, మంచిగనే ఉన్నది, చెప్తె ఇంటది.”

ఇది తుకారాంకు నచ్చింది. నిజం చెప్పకుండానే నిజం వల్ల వచ్చే లాభం పొందే మార్గం ఎవరికి నచ్చదు? మర్నాడు ఝాన్సీలక్ష్మిని అడిగాడు.

“ఇంకో రెండున్నర అడుగులా? ఎందుకండీ?”

“సేఫ్టీకి మేడం.”

“ఊరికే సేఫ్టీ అంటే పైవాళ్ళు ఒప్పుకోరండీ. ప్రతి వరుసకీ కారణం రాయాలి.” ఆమె నవ్వి, పుల్ కాలు వైపు చెయ్యి చూపింది. “మీ గీతేమో అంత అవసరం లేదంటోంది.”

అప్పుడు తుకారాం తన అక్షరాల వైపు చూశాడు. నిటారుగా, నిబ్బరంగా, పొల్లు పోకుండా నిలబడి అవి తనకు ఎదురు సాక్ష్యం చెబుతున్నాయి. వాటితో వాదించి గెలవడం తనవల్ల కాదనిపించింది. అంత బాగా రాయకుండా ఉండాల్సింది అనుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు.

“మేడం, ఆ లైను అబద్ధం” అన్నాడు.

ఆమె ముందు జోకనుకుంది. ఆయన ముఖం చూసి టేపు జేబులో పెట్టుకుంది. “మరి ఏది నిజం? ఆధారం ఉందాండీ?”

“నిచ్చెన వెట్టియ్యున్రి.”

పొద్దున పది గంటలు. బస్తీలో మంచినీళ్ళొచ్చే వేళ, అందరూ బయటనే ఉన్నారు. తుకారాం నిచ్చెన ఎక్కి ఐదో రాయి మీది సున్నం గీకసాగాడు. కింద ఒక్కొక్కరే పోగయ్యారు. రాయి పైన పెయింటు లేదు, అది ఆయనే గీకేశాడు. కానీ రెడ్ ఆక్సైడ్ రాతి గుంటల్లోకి దిగి ఉంది. రాయి రుద్దిన కొద్దీ చిన్న చిన్న ఎర్రచుక్కలు, చుక్కల వెంట చుక్కలు, బారెడు దూరం ఒకే మట్టాన తేలాయి. ఝాన్సీలక్ష్మి తానే నిచ్చెన ఎక్కి లెవెల్ పట్టి చూసింది, రెండు చోట్ల కొలిచింది. దిగాక ఆమె ముక్కు పుటాలు అదురుతున్నాయి.

“పదమూడేళ్ళండీ! ఏటా కొత్తగా రంగు వేసి మరీ! దీన్ని నమ్మి నేను డ్రాయింగ్ మీద సంతకం పెట్టేశాను. ఎవరు మార్చమన్నారు మిమ్మల్ని?”

గుంపులో హరికిషన్ ఉన్నాడు. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. తుకారాం ఎవరివైపూ చూడలేదు.

“బ్రష్షు నాదే మేడం.”

గోడ మీద ఇంకో ఆరు వరుసల బస్తాలు పడ్డాయి, అంటే రెండున్నర అడుగులు. ఝాన్సీలక్ష్మి కారణం రాసింది. కారణం రాసినందువల్ల నెల తిరక్కుండానే తొమ్మిది ఇళ్ళకు ఖాళీ చేయాలని నోటీసులు వచ్చాయి. అభ్యంతరాలుంటే ఫలానా తేదీన ఆఫీసులో హాజరై చెప్పుకోవాలని. కొత్త పుల్‌కు కమానులుండవు, నీళ్ళ దారి వెడల్పు, అది పూర్తయితే నీటిమట్టం రెండున్నర అడుగుల దాకా తగ్గవచ్చు, అప్పుడు లిస్టు మళ్ళీ లెక్క కడతారు అని ఆమె బస్తీకి వచ్చి స్వయంగా చెప్పింది. “కానీ నేను మాట ఇవ్వలేనండీ” అని కూడా చెప్పింది.

“అంటే పుల్ అయినంక నీళ్ళు ఏడో రాయి కాడికే వస్తయన్నట్టు” అన్నాడు హరికిషన్. “తుకారాం తప్పేం రాయలే. పదమూడేండ్లు ముందుగాల రాసిండు.”

బస్తీ నవ్వింది. తుకారాంతో నవ్వుకున్నది మాత్రం అదే ఆఖరు. ఆయన అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదు. హరికిషన్ ఎదురైతే ఫోనెత్తుతాడు, అటువైపు ఎవరూ ఉండరు. కమిటీవాళ్ళు పెళ్ళిపత్రిక ఆయన గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా పోయారు. ఎలీసబెతు ఆయన వస్తుంటే చాట తీసుకొని లోపలికి వెళ్ళిపోతుంది. మిగతావన్నీ ఓర్చుకున్నాడుగానీ ఆ చాట చప్పుడు ఆయనకు ఇంటిదాకా వినిపించేది.

“చెప్పకపోతె ఏమయ్యేది?” అని అడిగాడొకసారి సుమిత్రను.

“ఏమన్న అవుతుండెనో, కాకపోతుండెనో” అంది ఆమె బియ్యం ఏరుతూ. “మిరుగానికి నాలాలకు దిగకుంట ఇంట్ల చేపల పులుసు తిన్నవు. పదమూడేండ్లకు. నాకైతె గది చాలు.”

సెప్టెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మొదలైంది వాన. బొల్లారం వైపు ఆకాశం నల్లబడి, మూడు గంటలపాటు ఆగకుండా కొట్టింది. నాలాలో నీళ్ళు ముందు ఎర్రగా, తరవాత నల్లగా, ఆపైన థర్మకోలు ముక్కలూ, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో తలుపు మోసుకుంటూ లేచాయి. మూసిన కమాను దగ్గర కొట్టుకొని వెనక్కి తన్నాయి. బస్తీ అంతా గొడుగులతో, గోనెసంచులతో గోడ దగ్గరికి చేరింది. ఝాన్సీలక్ష్మి హెల్మెట్ మీదనే రెయిన్‌కోటు తొడుక్కొని, ఇద్దరు పనివాళ్ళతో గోడ మొదట్లో నిలబడింది. తుకారాం కొంచెం ఎడంగా నిలబడ్డాడు. ఆయన పక్కన ఎవరూ లేరు.

నీళ్ళు ఏడో రాయి ముంచాయి. గీత మునిగింది, అక్షరాలు మునిగాయి. ఇంకొంచెం లేచాయి. పాత ఎత్తుకు, అంటే ఆరు వరుసలు వేయకముందు గోడ ఉన్న ఎత్తుకు, జానెడు కిందికి వచ్చి ఆగాయి. అరగంట అక్కడే ఆగి ఆలోచించాయి. తరవాత మెల్లగా దిగడం మొదలుపెట్టాయి.

హరికిషన్ రెండు నెలల్లో మొదటిసారి తుకారాం దగ్గరికి వచ్చాడు. “చూసినవానే? పాత ఎత్తే సరిపోతుండె.”

“సరిపోతుండె” అన్నాడు తుకారాం.

ఆ మాట అనడం కష్టం కాలేదు. జానెడు అన్నది ఎంత చిన్న కొలతో, ఆయన లాగా జీవితమంతా కొలిచినవాడికి తెలుసు. హరికిషన్ గెలిచాడు. తాను ఓడిపోలేదు. రెండూ ఒకేసారి జరగడానికి చోటు ఉందని తుకారాం కొత్తగా తెలుసుకున్నాడు. హరికిషన్ నీళ్ళ వైపు చూసి, గొడుగు ఆయన మీదికి కొంచెం జరిపి, కాసేపు అట్లాగే నిలబడి వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక ఎలీసబెతు వచ్చింది. నెత్తిన ముసుగులా మడిచిన గోనెసంచి కొప్పెర, చేతిలో ఏమీ లేదు. గోడ దగ్గరికి వంగి, కొత్తగా వేసిన బస్తాల మీద ఒక్కో వరుసకూ వేలు పెట్టి లెక్కపెట్టింది.

“ఆరు వరుసలు ఎండగున్నయ్” అంది. వానలో ఏ బస్తా ఎండగా ఉండదు. ఆమె అన్నది నాలా సంగతి.

“వాటి కింద ఇంకో జానెడు సుత ఉన్నదక్కా.”

“నా ఎరికల నడుము దాకనే ఉండె. నువ్వు ఆ సున్నం గీకిన కాంచి నాకు మెడదాకా యాదికొస్తున్నది.” ఆమె చేత్తో గొంతు తడుముకుంది. “నోట్లెకు పోయినయ్ తమ్మీ నీళ్ళు. కిరసనాయిల్ వాసన. గదెట్ల మర్చిన్నో.”

తుకారాం చెయ్యి అందించాడు, ఆమె పట్టుకోలేదు.

“నీ మీద కోపం వోలేదు. చెప్తున్న, పోలేదు” అందామె. “ఈడ నలభై ఏండ్లున్న. యాడికి పొమ్మంటరో ఏమో. బేస్తారం ఆఫీసుకు రమ్మన్నరు. వేరే ఇల్లియ్యకుంట ఈ జాగ ఇయ్యమంటె ఇయ్యనని చెప్త. ఇస్తె మెట్టుగూడ దాటి పోనని సుత చెప్త. కాగితం నాకు చదవనీకి రాదు. నువ్వు రావాలె.”

“వస్తనక్కా.”

“వచ్చి నిలవడుడు కాదు. నీళ్ళు యాడిదాకొచ్చినయని వాళ్ళడిగితె మెడ దాకా అని చెప్పాలె. జెర తక్కువ చేసి చెప్పినవంటె చూడు మల్ల” అని, కొప్పెర సవరించుకొని, జారకుండా గోడ పట్టుకొని ఇంట్లోకి నడిచింది.

తుకారాం ఆమె గడప దాకా వెనకే పోయాడు. నోటీసు తీసుకురమ్మని, వెలుతురుండగానే ఆ గడపలో కూర్చొని, మొదటి వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.